ఉత్తరానికి ఒక తప్పు

మా బాబాయి ఒక్కో ఉత్తరంలో ఒక్క తప్పే దిద్దేవాడు. నేను పేజీ నిండా ఇంగ్లీషులో రాసి పంపితే, ఆయన జవాబు చివర్లో, సంతకానికి కింద, రెండు లైన్లలో ఆ ఒక్క తప్పు గురించి ఉండేది. మిగతా ఉత్తరమంతా కబుర్లే. నేను రాసిన ప్రతి విషయానికీ బదులిచ్చేవాడు, ఇంకేవో అడిగేవాడు. అలా మూడేళ్ళు నా చేత ఇంగ్లీషు రాయించాడు. ఆ మూడేళ్ళ గురించి రాయాలని చాలాకాలంగా మనసులో ఉంది. ఆ ఉత్తరాలన్నీ ఇప్పుడు నా ముందే ఉన్నాయి.

అంతకుముందు సంగతి చెప్పాలి. నేను పదో తరగతి దాకా తెలుగులోనే చదువుకున్నాను. కాలేజీలో చేరాక ఒక్కసారిగా అన్నీ ఇంగ్లీషులోకి మారిపోయాయి. చదివితే ఎంతో కొంత అర్థమయ్యేది. రాయమంటే మాత్రం చెయ్యి ఆగిపోయేది. మొదటి ఏడాది ఒక వ్యాసం రాయమన్నారు, మరిచిపోలేని రోజు గురించి. నాన్న నాకు సైకిల్ నేర్పిన రోజు గురించి రాశాను. నాన్న వెనక పట్టుకున్నాడనే ధైర్యంతో తొక్కుతూ వెళ్ళి, వెనక్కి తిరిగి చూస్తే ఎక్కడో దూరంగా నవ్వుతూ నిలబడి ఉండటం, ఆ క్షణంలోనే నేను పడిపోవడం. రెండు పేజీలు. డిక్షనరీ పక్కన పెట్టుకుని రాత్రి పొద్దుపోయేదాకా కూర్చున్నాను. అంత ఇష్టంగా అప్పటిదాకా ఏదీ రాయలేదు.

కాగితాలు తిరిగొచ్చినప్పుడు నా నీలి అక్షరాలకన్నా ఎర్ర సిరానే ఎక్కువ కనిపించింది. గీతలు, సున్నాలు, బాణాలు, కొట్టివేతలు. సైకిల్ గురించి గానీ, నాన్న గురించి గానీ ఎక్కడా ఒక్క మాట లేదు. దిద్దినవారిని ఇప్పుడు తప్పు పట్టను. వాళ్ళ ముందు అలాంటి కాగితాల కట్టలెన్నో ఉండి ఉంటాయి, దిద్దినవన్నీ నిజమైన తప్పులే. కానీ ఆ రోజు నాకు అర్థమైంది మాత్రం, నేను చెప్పింది ఎవరూ వినలేదని. ఆ తర్వాత దాదాపు రెండేళ్ళు సొంతంగా ఒక్క ఇంగ్లీషు వాక్యం రాయలేదు. పరీక్షలకు జవాబులు బట్టీ పట్టేదాన్ని. బట్టీ పడితే తప్పులు రావు, ఎర్ర సిరా కనపడదు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఇంగ్లీషు రాయడం మొదలుపెట్టి మానేసేవాళ్ళను బద్ధకస్తులంటారు, పట్టుదల లేదంటారు. అది నిజం కాదు. అసలు బాధ వేరు. తెలుగులో నేను పంతొమ్మిదేళ్ళ మనిషిని. నాకు అభిప్రాయాలున్నాయి, కోపాలున్నాయి, ఒక విషయాన్ని నాలుగు వైపుల నుంచి చూడగలను. ఇంగ్లీషులో పెన్ను పట్టుకోగానే ఆరేళ్ళ పిల్లనైపోయేదాన్ని. ఇది పిల్లి. అది కుర్చీ. తలలో ఉన్న మనిషి వేరు, కాగితం మీద కనిపించే మనిషి వేరు. ఆ రెండింటి మధ్య దూరాన్ని రోజూ చూస్తూ కూర్చోవడం చాలా కష్టం. ఆ దూరం తట్టుకోలేకే చాలామంది వదిలేస్తారని నా నమ్మకం. ఎందుకంటే నేను వదిలేసింది అందుకే.

బాబాయి నాన్నకు ఆఖరి తమ్ముడు. వేరే ఊళ్ళో ఒక ఆఫీసులో గుమాస్తా. సెలవుల్లో మా ఇంటికి వచ్చినప్పుడు నా పుస్తకాలు తిరగేస్తుంటే ఆ పాత వ్యాసం ఆయన కంటపడింది. నేను లాక్కోబోయాను. ఇవ్వలేదు. కిటికీ దగ్గరికి వెళ్ళి, రెండు పేజీలూ నిదానంగా, ఎర్ర సిరా కింద ఉన్న నా అక్షరాలు వెతుక్కుంటూ చదివాడు.

"పడ్డప్పుడు దెబ్బ తగిలిందా?" అన్నాడు.

ఆ ప్రశ్నకు నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. రెండేళ్ళ తర్వాత ఆ వ్యాసానికి మొదటి పాఠకుడు దొరికాడు.

వెళ్ళేరోజు అన్నాడు, "వారానికో ఉత్తరం రాయమ్మా నాకు. ఇంగ్లీషులో. అర పేజీ చాలు."

"అన్నీ తప్పులే వస్తాయి బాబాయ్."

"రానీ. నేను నీ కబుర్ల కోసం చదువుతాను కానీ తప్పుల కోసం కాదు కదా."

మొదటి ఉత్తరంలో ఏడు వాక్యాలు. ఇప్పటికీ గుర్తున్నాయి. "ఐ యామ్ హ్యావింగ్ వన్ బ్రదర్" అని మొదలుపెట్టాను, నాకు ఒక తమ్ముడున్నాడని ఆయనకు తెలియనట్టు. "యెస్టర్‌డే ఐ హ్యావ్ గాన్ టు కాలేజ్" అని రాశాను. వాన గురించి ఒక వాక్యం, ఇంట్లో కాలు విరిగిన కుర్చీ గురించి రెండు. పోస్టు చేశాక వెనక్కి తీసుకోవాలనిపించింది.

పది రోజులకు జవాబొచ్చింది. ఆ కుర్చీ ఎవరు విరగ్గొట్టారని అడిగాడు. మీ తమ్ముడేనా, నిజం చెప్పు అన్నాడు. వాళ్ళ ఆఫీసులో ఫ్యాను గాలికి కాగితాలు ఎలా ఎగిరిపోతాయో రాశాడు. చివర్లో, సంతకం కింద: నిన్న అని చెప్పినప్పుడు 'హ్యావ్ గాన్' వద్దు, 'వెంట్' చాలు. అంతే. 'ఐ హ్యావ్' అని ఉండాల్సిన ఆ హ్యావింగ్ వన్ బ్రదర్ జోలికి పోలేదు.

ఆ ఒక్కటి పట్టుకుని వారమంతా తిరిగాను. ఎందుకు తప్పు రాశానా అని ఆలోచిస్తే దొరికింది. తెలుగులో "వెళ్ళాను" అనే ఒక్క మాట రెండు పనులూ చేస్తుంది. నిన్న వెళ్ళాను అన్నా అదే, ఆ ఊరు నేను చాలాసార్లు వెళ్ళాను అన్నా అదే. ఇంగ్లీషుకి ఆ రెండూ వేరు. అయిపోయిన కాలం పేరు చెప్పి మాట్లాడితే ఒక రూపం, ఇప్పటి దాకా లెక్కేసి చెబితే ఇంకో రూపం. నాకు అప్పటిదాకా టెన్సులంటే పట్టికలు. ఎందుకు రెండు కావాలో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. నా తప్పు తెలివితక్కువ వల్ల వచ్చింది కాదు, నా భాష నుంచి వచ్చింది అని తెలిశాక ఎంత తేలికైందో చెప్పలేను. దానికో కారణం ఉంది. కారణం ఉన్న తప్పును దిద్దుకోవచ్చు.

తర్వాతి వారాల్లో ఒక్కొక్కటే వచ్చాయి. 'ఎ', 'యాన్', 'ద'. తెలుగులో వీటికి సరిసమానమైనవి లేవు, కాబట్టి ఎక్కడ పెట్టాలన్నది మనకు చెవితో తెలియదు. ఇంగ్లీషు రాతలో అన్నిటికన్నా ఎక్కువసార్లు కనిపించే మాట 'ద'. అంటే నేను ప్రతి రెండో లైనులోనూ చీకట్లో చెయ్యి పెట్టినట్టే. 'యాన్ యూనివర్సిటీ' అని రాస్తే బాబాయి, స్పెల్లింగులో మొదటి అక్షరం చూడకు, నోటితో పలికి చూడు, 'యు' అని పలుకుతున్నావు కాబట్టి 'ఎ' చాలు అన్నాడు. 'అవర్' కి మాత్రం 'యాన్', ఎందుకంటే ముందున్న 'హెచ్' రాతలోనే ఉంది, నోట్లో లేదు. శబ్దాన్ని బట్టి నడవమంటే తెలుగువాళ్ళకు కష్టమేముంది? ఆ ఒక్క సంగతితో ఇంగ్లీషు మీద మొదటిసారి కాస్త చనువు కలిగింది.

ఇంకో వారం వాక్యం నడక. మనకు క్రియ చివర్లో వస్తుంది. ఎంత పొడుగు వాక్యమైనా చివరి మాట దాకా ఆగి వింటాం. నేను ఇంగ్లీషులోనూ అలాగే ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు అన్నీ చెప్పి, ఆఖరికి ఏం చేశారో చెప్పేదాన్ని. ముందు ఎవరు ఏం చేశారో చెప్పేయి, మిగతావి తర్వాత చెప్పుకోవచ్చు అన్నాడు బాబాయి. చిన్న మాటే, కానీ రాసే ముందు ఆలోచన మొత్తం తిరగబడాలి. అది అలవాటు కావడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

ఒకసారి నేనే ఎదురు ప్రశ్న వేశాను. మేము, మనం రెండింటికీ ఇంగ్లీషులో 'వుయ్' ఒక్కటేనా? అవతలి మనిషిని కలుపుకున్నామా లేదా ఎలా తెలుస్తుంది? బాబాయి జవాబు ఇప్పుడు నా ముందే ఉంది. ఆ ఒక్క విషయంలో ఇంగ్లీషు పేదది అన్నాడు. చదివేవాడు ముందూ వెనకా చూసుకుని తెలుసుకోవాల్సిందే అన్నాడు.

ఏడెనిమిది నెలలు బాగా నడిచింది. తర్వాత ఆగిపోయింది. దెబ్బలాంటిదేమీ తగల్లేదు. మొదట్లో ప్రతి వారం ఏదో కొత్తది వచ్చినట్టుండేది, ఇప్పుడు ఎన్ని రాసినా అక్కడే ఉన్నట్టనిపించింది. మా క్లాసులో ఒకమ్మాయి పెన్ను ఆపకుండా ఇంగ్లీషు రాసేది, చిన్నప్పటి నుంచీ ఆ భాషలోనే చదువుకుంది. పక్కన కూర్చుని ఆ కదలిక చూస్తుంటే నా ఉత్తరాలు ఎందుకనిపించేది. ఒక వారం మానేశాను. రెండో వారం సిగ్గనిపించి మానేశాను. మూడో వారానికి అలవాటైపోయింది.

బాబాయి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఎందుకు రాయలేదని లేదు. క్రమశిక్షణ గురించి లేదు. మామూలు కబుర్లు, మధ్యలో ఒక వాక్యం: "ఆన్ సాటర్‌డే ఐ చెక్డ్ ద బాక్స్ టూ టైమ్స్." శనివారం పోస్టు డబ్బా రెండుసార్లు చూశాను. సంతకం కింద ఆ వారం దిద్దడానికేమీ లేదు కదా, అక్కడ ఖాళీ వదిలాడు.

ఆ రాత్రే కూర్చుని రాశాను. ఇంగ్లీషు రావాలన్న కోరిక నాకు ఎప్పుడూ ఉండేది. మంచి ఉద్యోగం, క్లాసులో పరువు, అన్నీ కావాలనే ఉండేది. కానీ అవన్నీ ఎక్కడో ముందున్న సంగతులు. నిద్ర ముంచుకొస్తున్న రాత్రి పెన్ను పట్టుకునే బలం వాటి నుంచి రాలేదు. ఒక మనిషి డబ్బా రెండుసార్లు తెరిచి చూశాడు. దాని నుంచి వచ్చింది.

ఆ రోజుల్లోనే కాలేజీ లైబ్రరీలో రెండు కథనాలు చదివాను. ఒకటి బెంజమిన్ ఫ్రాంక్లిన్‌ది. 1706లో పుట్టాడు, కుర్రతనంలో అన్నగారి అచ్చాఫీసులో పని నేర్చుకుంటూ రాయడం నేర్చుకున్నాడు. తనకు నచ్చిన పత్రికలోని వ్యాసం తీసుకుని, ఒక్కో వాక్యంలోని భావాన్ని క్లుప్తంగా గుర్తు పెట్టుకునేవాడు. కొన్ని రోజులు పక్కన పడేసేవాడు. తర్వాత ఆ గుర్తుల ఆధారంగా వ్యాసం మొత్తం తన మాటల్లో మళ్ళీ రాసి, అసలుతో పోల్చి తప్పులు దిద్దుకునేవాడు. పనికి ముందు పొద్దున్నే, లేదా పని అయ్యాక రాత్రి. ఇంగ్లీషే మాతృభాష అయినవాడు అంత కష్టపడ్డాడంటే, నేను పడటంలో చిన్నతనమేముంది?

రెండోది ఇంకా పాతది. 16వ శతాబ్దంలో రోజర్ ఆస్కమ్ అనే గురువు ఉండేవాడు, ఎలిజబెత్ రాణి కాకముందు ఆమెకు చదువు చెప్పినవాడు. ఆయన పుస్తకం ఆయన పోయాక 1570లో అచ్చయింది. లాటిన్ నేర్పడానికి ఆయన చెప్పిన దారి ఇది: లాటిన్ పేరాను ఇంగ్లీషులోకి మార్చు, పుస్తకం మూసెయ్, కాసేపాగి నీ ఇంగ్లీషును తిరిగి లాటిన్‌లోకి మార్చు, అసలుతో పక్కపక్కన పెట్టి చూడు. తప్పులు వస్తే పిల్లల మీద కసురుకోవద్దని కూడా ఆయన గట్టిగా చెప్పాడు. అది చదివినప్పుడు నాకు కలిగిన ఊరట ఎవరికీ చెప్పుకోలేదు. ఇంగ్లీషువాళ్ళ పిల్లలూ ఒకప్పుడు పరాయి భాష ముందు ఇలాగే బిక్కమొహం వేసుకుని కూర్చున్నారు.

లాటిన్ స్థానంలో ఇంగ్లీషు, ఇంగ్లీషు స్థానంలో తెలుగు పెట్టుకున్నాను. ఒక నోటుబుక్కు కేటాయించాను. ఎడమ పేజీలో తెలుగు, కుడి పేజీలో నాలుగు రోజుల తర్వాత తిరిగి రాసిన ఇంగ్లీషు. మొదటి ప్రయత్నం ఇప్పటికీ చూస్తుంటాను. తలుపు తెరిచే ఉంది, అయినా ఎవరూ లోపలికి వెళ్ళలేదు అన్నది వాక్యం. దాన్ని నేను "ద డోర్ ఈజ్ ఓపెన్డ్ ఓన్లీ, ఈవెన్ దో ఎనీబడీ డిడ్ నాట్ గో ఇన్‌సైడ్" అని రాశాను. అసలు పుస్తకంలో "బట్ నోబడీ వెంట్ ఇన్" అని నాలుగు మాటలే ఉన్నాయి. అంత చిన్నగా చెప్పొచ్చా అని చాలాసేపు దాని వంకే చూశాను.

'నోబడీ' అనే మాట మనకు లేదు. మనం "ఎవరూ" అని, కాదనే పని క్రియకు అప్పజెబుతాం: వెళ్ళలేదు. ఇంగ్లీషు ఆ కాదనడాన్ని మనిషి దగ్గరే చేసేసి, క్రియను మామూలుగా వదిలేస్తుంది. మనకు 'లేదు' వెళ్ళడంలో ఉంది, వాళ్ళకు మనిషిలో ఉంది. ఇలాంటిది సొంతంగా కనిపెట్టిన రోజు ఆనందం వేరు. ఏ గ్రామర్ పుస్తకమూ చెప్పలేదు, రెండు పేజీలు పక్కపక్కన పెడితే అదే కనిపించింది. అప్పట్నుంచి ఆ నోటుబుక్కు తెరవడం ఒక పనిలా ఉండేది కాదు. ఇవాళ ఏం దొరుకుతుందో అని తెరిచేదాన్ని.

స్పెల్లింగులతో గొడవ కూడా అలాగే తీరింది. 'డెట్' లో 'బి' ఎందుకు, 'నైఫ్' లో 'కె' ఎందుకు అని విసుక్కుంటూ ఒక పెద్ద డిక్షనరీ తీస్తే మాటల పుట్టుక కూడా ఇచ్చారు. 'నైఫ్' లో 'కె' ఒకప్పుడు నిజంగానే పలికేవారట. నోరు మారింది, రాత మారలేదు. 'డెట్' సంగతి తిరగేసినది. అందులో 'బి' ఎవరూ పలికింది కాదు, పాతరోజుల్లో 'బి' లేకుండానే రాసేవారు, లాటిన్ మూలాన్ని గుర్తు చేయడానికి పండితులు మధ్యలో దూర్చారు. 'ఐలాండ్' లో 'ఎస్' అయితే పూర్తిగా పొరపాటు. వేరే మాటతో చుట్టరికం ఉందనుకుని చేర్చింది అలాగే స్థిరపడిపోయింది. ఇన్నాళ్ళూ నన్ను భయపెట్టిన భాషలో పండితుల పొరపాట్లే ఇలా అచ్చయి కూర్చున్నాయా అనిపించింది. ఇదంతా బాబాయికి మూడు పేజీలు రాశాను, అంత పొడుగు ఉత్తరం అదే మొదలు. "దిస్ ఐ డిడ్ నాట్ నో. టెల్ మోర్" అని జవాబు. నన్ను ఉత్సాహపరచడానికి తెలియనట్టు నటిస్తున్నాడనుకున్నాను.

మళ్ళీ నిరుత్సాహం రాలేదని కాదు. వచ్చింది, చాలాసార్లు. ఒకసారి "నాకిక వయసు దాటిపోయింది, చిన్నప్పుడే నేర్చుకోవాల్సింది" అని రాస్తే బాబాయి బ్రౌన్ దొరను గుర్తు చేశాడు. సి.పి. బ్రౌన్ 1817లో మద్రాసు వచ్చేనాటికి పద్దెనిమిదేళ్ళవాడు. తెలుగు నేర్చుకున్నది ఆ తర్వాతే. ఆయన చేసిన నిఘంటువులు 1850ల్లో అచ్చయ్యాయి. ఇంకా మనవాళ్ళు వాటిని తిరగేస్తూనే ఉన్నారు. "ఆయన మొదట్లో రాసిన తెలుగు ఎవరు దిద్దారో గాని, ఎన్ని తప్పులుండి ఉంటాయో ఆలోచించు" అన్నాడు బాబాయి. ఆ తర్వాత నేనే ఇంకొకరిని వెతుక్కున్నాను. పోలండ్ భాష మాతృభాషగా పెరిగిన జోసెఫ్ కాన్రాడ్ ఇరవై దాటాక ఓడల్లో పనిచేస్తూ ఇంగ్లీషు నేర్చుకుని, 1895లో ఆ భాషలోనే తొలి నవల అచ్చేశాడు. ఆ రెండు పేర్లూ నోటుబుక్కు అట్ట లోపల రాసుకున్నాను. వాళ్ళంత దాన్నవుతానని కాదు. నా వయసు అడ్డు కాదని తెలియడం కోసం.

ఏడాది నిండినప్పుడు నాకు తెలియకుండానే ఒక మంచి పని జరిగింది. బాబాయి నా మొదటి ఉత్తరాన్ని కవర్లో పెట్టి తిరిగి పంపాడు, చదివి మళ్ళీ నాకు పంపెయ్, అది నాది అని. ఐ యామ్ హ్యావింగ్ వన్ బ్రదర్. చదువుతుంటే తప్పులు వాటంతటవే కళ్ళకు కనిపించాయి. ఏడు వాక్యాల్లో పదకొండు. ఏడాది కిందట అవి నా కళ్ళకు కనిపించేవే కావు. రోజూ అద్దంలో చూసుకుంటే మనం పెరిగింది తెలియదు, పాత బట్టలు వేసుకుంటే తెలుస్తుంది కదా, అలా తెలిసింది. నేను కదలడం లేదనుకున్న ఆ నెలల్లోనూ కదిలాను. అందుకే రాయడం నేర్చుకుంటున్నవాళ్ళెవరైనా మొదటి కాగితాలు చింపేస్తామంటే నాకు ప్రాణం విలవిల్లాడుతుంది. వాటిని దాచాలి. తేదీ వేసి దాచాలి.

ఆ కవర్లోనే బాబాయి చిన్న చీటీ పెట్టాడు. "వుయ్ ఆర్ ఇంప్రూవింగ్" అని రాసి ఉంది. 'యు' అనబోయి 'వుయ్' అన్నాడేమో అనుకున్నాను. లేదా డాక్టర్లు పేషెంట్ మంచం దగ్గరికొచ్చి "ఎలా ఉన్నాం ఇవాళ?" అంటారే, ఆ ఆప్యాయత అనుకున్నాను.

చదువు అయిపోయింది. ఉద్యోగంలో రోజూ ఇంగ్లీషులో రాయాల్సి వచ్చింది. మొదట్లో ప్రతి ఉత్తరం రెండుసార్లు చిత్తు రాసుకునేదాన్ని, తర్వాత ఒకసారి, తర్వాత నేరుగా. ఇంటికి ఫోను వచ్చింది. బాబాయితో మాటలు ఎక్కువై ఉత్తరాలు తగ్గాయి, ఒకరోజు ఆగిపోయాయి. ఎప్పుడాగాయో కూడా గుర్తులేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

ఈ రోజుల్లో మనం రాస్తుండగానే కంప్యూటరు తప్పుల కింద గీతలు గీస్తుంది, పేజీ అంతా ఒక్క క్షణంలో సరిచేసి పెడుతుంది. నేనూ వాడుతున్నాను, మేలే చేస్తుంది. కానీ అది పేజీ మొత్తం ఒకేసారి దిద్దేస్తుంది. వారమంతా ఒక్క తప్పు పట్టుకుని తిరిగే తీరిక ఇవ్వదు. సైకిల్ మీంచి పడ్డప్పుడు దెబ్బ తగిలిందా అని అడగదు.

బాబాయి రిటైరయ్యాక ఒకసారి వెళ్ళి నాలుగు రోజులున్నాను. సాయంత్రం ఇద్దరం కూర్చున్నప్పుడు ఎన్నేళ్ళుగానో అడగాలనుకున్నది అడిగాను.

"బాబాయ్, నా ఉత్తరాల్లో అన్ని తప్పులుంటే ఒక్కటే ఎందుకు దిద్దేవాడివి? నా మనసు నొచ్చుకుంటుందనేగా?"

ఆయన కాసేపు మాట్లాడలేదు.

"అదేం లేదమ్మా. నాకు గట్టిగా తెలిసేది ఆ ఒక్కటే. మిగతావి తప్పో ఒప్పో నాకే అనుమానంగా ఉండేది. ఆ ఒక్కటి కూడా ఊరికే రాలేదు. గ్రామర్ పుస్తకంలో చూసేవాణ్ణి, అర్థం కాకపోతే మా హెడ్ క్లర్కుని అడిగేవాణ్ణి. ఆయన సెలవు పెడితే నీ జవాబు ఆలస్యమయ్యేది."

పది రోజులు పట్టేది ఎందుకో అప్పుడు తెలిసింది. ఆయన చదువూ తెలుగులోనే సాగిందన్న సంగతి నాకు తెలుసు. కానీ ఇంగ్లీషు కాగితాలున్న ఆఫీసులో పనిచేసే మనిషి కాబట్టి ఇంగ్లీషు వచ్చనే అనుకున్నాను, ఇంటిల్లిపాదీ అలాగే అనుకునేవాళ్ళం.

"నేను రాసిన డ్రాఫ్టులు పైనుంచి తిరిగొచ్చేవి. ఎవరికీ చెప్పుకునేవాణ్ణి కాదు. ఆ రోజు నీ వ్యాసం చూశాను కదా, నాలాగే ఇంకొకరున్నారు అనిపించింది. నాక్కూడా రాసుకోవడానికి ఒక మనిషి కావాలి కదమ్మా."

నేను ఆయన చెయ్యి పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను.

ఇంటికొచ్చాక ఆయన ఉత్తరాలన్నీ తీసి, మొదటి నుంచి వరసగా చదివాను. ఈసారి కనిపించాయి. 'డిస్కస్' ఒక్కటే చాలిన చోట 'డిస్కస్ అబౌట్' అని ఉంది. ఒకచోట 'ద' ఉండాల్సిన చోట లేదు, అక్కర్లేని చోట ఉంది. మొదటి ఉత్తరంలో నా హ్యావింగ్ వన్ బ్రదర్‌ను ఎందుకు వదిలేశాడో కూడా తెలిసింది. రెండో పేజీలో ఆయనే "ఐ యామ్ హ్యావింగ్ టూ ఫ్రెండ్స్ ఇన్ ఆఫీస్" అని రాశాడు. మూడో ఏడాది ఉత్తరాలకు వచ్చేసరికి అవి తగ్గుతూ వచ్చాయి. వాక్యాలు పొట్టివయ్యాయి, ధీమాగా నిలబడ్డాయి. దిస్ ఐ డిడ్ నాట్ నో అని రాసిన చోట ఆగాను. ఆయనకు నిజంగానే తెలియదు. నా మూడు పేజీల ఉత్తరం నుంచి నేర్చుకున్నాడు.

ఒక్క తప్పు కూడా దిద్దలేదు నేను. పెన్సిల్ మాత్రం తీశాను, ఆ చిన్న చీటీ కోసం. వుయ్ ఆర్ ఇంప్రూవింగ్. ఆ 'వుయ్' పక్కన, చిన్న అక్షరాలతో, "మనం" అని రాసి పెట్టుకున్నాను.